పాత ఇంగ్లిష్ నవలల్లో పంతులమ్మలు: గవర్నెస్ వేరు, డేమ్ వేరు, మిస్ట్రెస్ వేరు

మీరు ముఖ్యంగా అడిగినవి మూడు. ఒకటి, పాత ఇంగ్లిష్ నవలల్లో చదువు చెప్పే ఆడవాళ్లను ఒకచోట గవర్నెస్ అని, ఇంకోచోట స్కూల్‌మిస్ట్రెస్ అని, మరోచోట డేమ్, ప్రిసెప్ట్రెస్, స్కూల్‌మార్మ్ అని రాస్తున్నారు, నిఘంటువు మాత్రం అన్నిటికీ "ఉపాధ్యాయిని" అని ఊరుకుంటోంది, ఇవన్నీ ఒకటేనా అని. రెండు, ఉత్త "మిస్ట్రెస్" అని కనిపిస్తే టీచరనుకోవాలా, ఉంపుడుగత్తె అనుకోవాలా అని. మూడు, మీ అమ్మాయి బడి వార్షికోత్సవం ఆహ్వానపత్రికలో "హెడ్‌మిస్ట్రెస్" అని వేస్తే ఇవాళ తప్పా అని. డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు ఇంగ్లిష్ సాహిత్యం చెప్పాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

ఒకటే కావండీ. ఈ మాటల్లో "ఆడమనిషి" అన్న సంగతి అన్నిటికంటే చిన్నది. ఆమె ఎవరి గడప లోపల పాఠం చెప్పింది, ఎవరి బల్ల దగ్గర అన్నం తిన్నది, జీతం ఎవరి చేతి నుంచి తీసుకున్నది, ఆ మాటలు చెప్పేది ఇది. షార్లెట్ బ్రాంటి 1847లో అచ్చువేసిన జేన్ ఐర్ నవల మీరు చదివే ఉంటారు. అందులో ఒక్క జేన్‌కే మూడు పేర్లు వస్తాయి. చదువుకున్న లోవుడ్ బడిలోనే పనికి కుదిరినప్పుడు ఆమె "టీచర్", జీతం ఏడాదికి 15 పౌన్లు. థార్న్‌ఫీల్డ్ బంగళాలో ఒక్క పాపకు చదువు చెప్పడానికి వెళ్లినప్పుడు "గవర్నెస్", జీతం 30 పౌన్లు. ఆ తర్వాత మార్టన్ అనే పల్లెటూళ్లో రైతుల ఆడపిల్లల బడి పెట్టినప్పుడు "స్కూల్‌మిస్ట్రెస్", జీతం మళ్లీ అదే 30 పౌన్లు, ఉండటానికి చిన్న కుటీరం. మార్టన్ పని ఒప్పుకునేటప్పుడు జేన్ తనలో తను లెక్క వేసుకుంటుంది: పని చిన్నదే, విసుగూ ఉంటుంది, అయినా గొప్పవాళ్ల ఇంట్లో గవర్నెస్‌గా ఉండటం కంటే ఇందులో స్వతంత్రం ఉంది అని. డబ్బు పైసా పెరగలేదు, పేరు మారింది, పేరుతో పాటు తల ఎత్తుకునే తీరూ మారింది. నిఘంటువు మింగేసింది ఈ తేడానే.

ఇక గవర్నెస్ సంగతి. మాటను బట్టి చూస్తే ఇది చాలా పెద్ద పదవి. "గవర్నర్"కి స్త్రీలింగం. మొదట్లో ఏలే స్త్రీ, పెత్తనం చేసే స్త్రీ అనే అర్థంలోనే వాడారు. రాచకుటుంబాల పిల్లల పెంపకం మీద పెత్తనం ఉన్న దొరసానులకు ఆ తర్వాత అంటుకుంది. మొదటి ఎలిజబెత్ రాణి చిన్నప్పుడు ఆమెను సాకి చదువు చెప్పిన క్యాట్ ఆష్లీని చరిత్ర పుస్తకాలు గవర్నెస్ అనే అంటాయి. తమాషా ఏమిటంటే, అదే ఎలిజబెత్ గద్దెనెక్కాక 1559 చట్టం ఆమెను ఇంగ్లండ్ చర్చికి "సుప్రీమ్ గవర్నర్" అంది, గవర్నెస్ అనలేదు. రాజ్యం ఏలే ఆడమనిషికి మగమాట, పిల్లల్ని ఏలే ఆడమనిషికి ఆడమాట. ఆ విభజన మెల్లగా ఖాయమైపోయింది. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్‌కు (ఇప్పటి ఉత్తరప్రదేశ్) గవర్నరయ్యారు, మన దేశంలో ఆ పదవి ఎక్కిన తొలి మహిళ ఆవిడే. వ్యాకరణం ప్రకారం గవర్నెస్ అనాలిగా అని వాదిస్తే ఎంత వింతగా ఉంటుందో ఊహించుకోండి.

18వ శతాబ్దంలో కూడా ఈ మాట ఇంకా ఇంటికే కట్టుబడలేదు. సారా ఫీల్డింగ్ 1749లో రాసిన పిల్లల పుస్తకం పేరు "ది గవర్నెస్". అందులో గవర్నెస్ అంటే ఆడపిల్లల బోర్డింగు బడి నడిపే పెద్దావిడ. కాబట్టి ఆ కాలపు పుస్తకంలో ఈ మాట కనిపిస్తే వెంటనే బంగళా మేడమీద గదిలో ఒంటరిగా కూర్చున్న నల్లగౌను అమ్మాయిని ఊహించుకోకండి. ఆ బొమ్మ 19వ శతాబ్దానిది.

ఆ శతాబ్దంలో ఏం జరిగిందంటే, వ్యాపారాల్లో, పరిశ్రమల్లో డబ్బు చేసుకున్న కుటుంబాలు పెరిగాయి. ఇంట్లో గవర్నెస్ ఉండటం హోదాకి గుర్తయింది. ఇంకోవైపు తండ్రి పోయో, అప్పులపాలయ్యో చితికిన మర్యాదస్తుల ఇళ్ల ఆడపిల్లలకు, కులానికి చిన్నతనం కాకుండా చేయగల కూలిపని దాదాపు ఇదొక్కటే. 1851 జనాభా లెక్కల్లో ఇంగ్లండులో గవర్నెస్‌లు సుమారు 25 వేల మంది తేలారు. కావలసినవాళ్ల కంటే చేస్తామనేవాళ్లు ఎక్కువ కాబట్టి జీతాలు పెరగలేదు. షార్లెట్ బ్రాంటి తానే 1841లో ఒక ఇంట్లో ఏడాదికి 20 పౌన్లకు కుదిరింది, బట్టలు ఉతికించిన ఖర్చు పట్టుకోగా చేతికి వచ్చేది 16. అంతకు ముందు 1839లో వేరే ఇంట్లో పనిచేస్తూ చెల్లెలికి రాసిన ఉత్తరంలో, ఇళ్లలో ఉండే గవర్నెస్‌ను ప్రాణం, ఆలోచన ఉన్న మనిషిగా ఎవరూ లెక్కచేయరని, ఆమె చేయాల్సిన చాకిరీ వరకే ఆమె ఉన్నట్టు లెక్క అని మొత్తుకుంది. నవల రాసే ముందు ఆవిడకు ఆ బతుకు ఇలా తెలుసు.

ఆ ఇంట్లో ఆమె స్థానం ఎక్కడ అన్నదే పెద్ద చిక్కు. పుట్టుకను బట్టి చూస్తే యజమానురాలితో సమానం, జీతం తీసుకుంటుంది కాబట్టి పనివాళ్లతో సమానం. వంటింట్లో తింటే మర్యాద పోతుంది, అతిథులున్న భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే వాళ్లకు ఇబ్బంది. అందుకని చాలా ఇళ్లలో ఆమె భోజనం పళ్లెంలో పెట్టి పిల్లల చదువుగదికి పంపేవారు. పనివాళ్లకు కూడా ఆమె అంటే పడేది కాదు, మనలాగా జీతానికే ఉన్నా దొరసానిలా పోతుందని. నవలాకారులకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఏం కావాలి? కుటుంబం గుట్టంతా చూడగలిగే, కుటుంబంలో మనిషి కాని ఒక తెలివైన అమ్మాయి.

గవర్నెస్‌లలోనూ అంతరాలున్నాయి. మరీ చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పుతూ ముక్కు తుడిచే పనికూడా చేసేది నర్సరీ గవర్నెస్, జీతం అందరికంటే తక్కువ. ఇంట్లో ఉండకుండా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేది డైలీ గవర్నెస్. పెళ్లీడుకొస్తున్న అమ్మాయిలకు ఫ్రెంచి, పియానో, చిత్రలేఖనం, సభా మర్యాదలు దిద్దితీర్చేది ఫినిషింగ్ గవర్నెస్, ఈవిడకు మంచి జీతం. ఫ్రెంచి ఆవిడైతే మామ్‌జెల్ అనీ, జర్మన్ ఆవిడైతే ఫ్రాయిలైన్ అనీ పిలిచేవారు. ఈ రెండు మాటలు కనిపించినా అక్కడ ఉన్నది పంతులమ్మేనని గుర్తుపట్టండి. గవర్నెస్-కార్ట్ అని ఇంకొకటి తగులుతుంది, అది మనిషి కాదు, బండి. చిన్న గుర్రం లాగే రెండు చక్రాల బండి, ఎత్తు తక్కువ, తలుపు వెనకవైపు, సీట్లు ఎదురెదురుగా, పిల్లలు కింద పడకుండా. ఒక అనువాదంలో దీన్ని "గవర్నెస్ గారి వాహనం" అని చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

ఈ దుస్థితి లోంచే ఇంగ్లండులో ఆడవాళ్ల ఉన్నత చదువు మొలిచింది, ఇది చాలామంది గమనించరు. ముసలితనంలో దిక్కులేని గవర్నెస్‌లకు సాయం చేయడానికి 1840ల మొదట్లో లండన్‌లో గవర్నెసెస్ బెనివొలెంట్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంఘం పుట్టింది. పింఛన్లు ఇవ్వడం మొదలుపెట్టాక వాళ్లకు అర్థమైంది, అసలు జబ్బు వేరే ఉందని. తనకే చదువు సరిగా రాని మనిషికి ఎవరు మాత్రం ఎక్కువ జీతం ఇస్తారు? పరీక్ష పెట్టి పట్టా ఇస్తే ధర పలుకుతుంది. అలా 1848లో హార్లీ స్ట్రీట్‌లో క్వీన్స్ కాలేజీ వచ్చింది, మరుసటి ఏడు ఎలిజబెత్ రీడ్ పూనికతో బెడ్‌ఫర్డ్ కాలేజీ వచ్చింది. గవర్నెస్ అన్న మాటకు చావుదెబ్బ తగిలింది కూడా ఇక్కడే. పట్టా ఉన్న ఆడవాళ్లు బంగళాలు వదిలి బళ్లకు వెళ్లారు, బడికి వెళ్లినామె మిస్ట్రెస్ అయిపోయింది.

మన దేశంతో ముడిపడిన గవర్నెస్ ఒకావిడ ఉంది, ఆమె గురించి చెప్పకుండా ఈ మాట దాటలేను. అన్నా లియొనొవెన్స్. 1862లో సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు మొంగ్‌కుట్ తన భార్యలకు, పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడానికి బ్యాంకాక్ పిలిపించుకున్నాడు, 1867 దాకా అక్కడ ఉంది. ఆమె శిష్యుల్లో ఒకడే తర్వాత చులాలంగ్‌కోర్న్ రాజయ్యాడు. రాజుకు కావలసింది ఇంగ్లిష్ నేర్పే టీచరు. అక్కడినుంచి వచ్చేశాక 1870లో ఆమె పుస్తకం రాసుకుంటూ తనను తాను "ఇంగ్లిష్ గవర్నెస్" అని పేరులోనే పెట్టుకుంది. వేల్స్‌లో మర్యాదస్తుల ఇంట పుట్టానని చెప్పుకుంది. తర్వాతి పరిశోధకులు తవ్వితే ఆమె పుట్టింది 1831లో మన అహ్మద్‌నగర్‌లో, మామూలు సైనికుడి కుటుంబంలో అని తేలింది. "టీచర్" అంటే పనిచేసే మనిషి, "గవర్నెస్" అంటే పుట్టుకతో దొరసాని, విధివశాత్తూ పనిచేస్తున్న మనిషి. ఆ మాటలో ఉన్న ఆ పైపూతే ఆమెకు కావలసింది. మోసం అనకండి, ఆ కాలంలో బతకడానికి ఆ పూత ఎంత అవసరమో ఆమెకు తెలుసు.

డేమ్ దీనికి పూర్తిగా అవతలి కొస. గవర్నెస్ పరాయి ఇంట్లో చెబుతుంది, డేమ్ తన ఇంట్లోనే చెబుతుంది. ఊళ్లో ఒక ముసలావిడ, తరచు విధవరాలు, తన వంటగదిలోనో వసారాలోనో చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టుకుని అక్షరాలు, ప్రార్థనలు, ఆడపిల్లలకు కుట్టూ అల్లికా నేర్పి వారానికి కొద్ది పెన్నీలు తీసుకునేది. అదే డేమ్ స్కూల్. తల్లులు పనికి పోతే పిల్లల్ని చూసుకునే చోటు కూడా అదే. చేతిలో హార్న్‌బుక్ ఉండేది. పుస్తకం అంటారు గానీ పిడి ఉన్న చెక్కపలక, దానిమీద అక్షరాల కాగితం, కాగితం చిరగకుండా పైన పల్చని కొమ్ము పొర.

డేమ్‌ల మీద రెండు రకాల సాక్ష్యాలున్నాయి, రెండూ నమ్మదగినవే. 1830లలో మాంచెస్టర్ గణాంక సంఘం వాళ్లు ఈ బళ్లు తిరిగి చూసి చీకటి గదులు, పుస్తకాల్లేని పిల్లలు అని చాలా చెడ్డగా రాశారు. డికెన్స్ ఒక నవలలో సాయంత్రం బడి నడిపే ముసలావిడను పెట్టాడు, వారానికి రెండు పెన్నీలు కట్టిన పిల్లలు ఆరు నుంచి ఏడు వరకు ఆవిడ నిద్రపోతుంటే చూసే భాగ్యం పొందేవారట. ఇంకోవైపు, ఇంగ్లిష్ నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌కు చదవడం నేర్పింది లిచ్‌ఫీల్డ్‌లో డేమ్ ఆలివర్ అనే విధవరాలే. అతను పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్ వెళ్తుంటే ఆవిడ అల్లం రొట్టె పట్టుకుని వచ్చి, నా దగ్గర చదివినవాళ్లలో నీ అంతవాడు లేడురా అని దీవించి వెళ్లిందని అతని జీవితచరిత్రలో ఉంది. 1870 విద్యా చట్టంతో ప్రజల డబ్బుతో నడిచే బళ్లు వచ్చాక డేమ్‌లు మెల్లగా అంతరించారు. ఒక్క జాగ్రత్త. "డేమ్" అనేది ఇప్పుడు బ్రిటన్‌లో ప్రభుత్వం ఇచ్చే బిరుదు, మగవాళ్ల "సర్"కి జోడీ. పాత పుస్తకంలో పల్లెటూరి డేమ్‌కి ఆ బిరుదుతో సంబంధం లేదు. అక్కడ డేమ్ అంటే "పెద్దమ్మగారు" అనే అంతే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, మిస్ట్రెస్. "మాస్టర్" అనే మాటకు ఫ్రెంచి నుంచి వచ్చిన ఆడరూపం ఇది. ఇంటి యజమానురాలు, నేర్పు గల స్త్రీ, పంతులమ్మ, ప్రియురాలు, ఇన్ని అర్థాలూ మధ్యయుగాల నుంచీ పక్కపక్కనే ఉన్నాయి. పంతులమ్మ అర్థం మొదట పుట్టి తర్వాత చెడిపోయిందని కొందరు చెబుతారు గానీ అంత తిన్నగా జరగలేదు. 14వ శతాబ్దంలో కవి చాసర్ ఒక కథ మధ్యలో ఆగి, "ప్రభువుల కూతుళ్లను గవర్నెన్స్‌లో ఉంచుకున్న మిస్ట్రెసుల్లారా" అని పిలిచి మరీ నీతి చెబుతాడు. ఒకే వాక్యంలో మిస్ట్రెస్, గవర్నెన్స్ రెండూ ఉన్నాయి చూడండి, తర్వాతి ఐదొందల ఏళ్ల వ్యవహారమంతా అందులోనే ఉంది. ఆ నీతి కూడా వినదగ్గదే. మీకు ఈ పని రెండు కారణాల్లో ఒకదానివల్ల ఇచ్చారు, మీరు మచ్చలేకుండా బతికినందుకైనా, లేదా ఒకప్పుడు కాలు జారి ఆ ఆటలన్నీ తెలుసుకుని మానేసినందుకైనా. జింకల దొంగ దొంగతనం మానేస్తే అడవిని అతనికంటే బాగా కాసేవాడు ఉండడు అంటాడు.

ఈ మాటలు ఎవరినో ఉద్దేశించే అన్నాడని పండితుల గుసగుస. చాసర్ భార్యకు కేథరిన్ స్విన్‌ఫర్డ్ అని తోబుట్టువు ఉంది. ఆమె జాన్ ఆఫ్ గాంట్ అనే రాకుమారుడి కూతుళ్లకు చదువూ సంస్కారం నేర్పిన మిస్ట్రెస్. అదే జాన్ ఆఫ్ గాంట్‌కు ఏళ్ల తరబడి ప్రియురాలు, నలుగురు పిల్లలు. చివరికి 1396లో ఆయన ఆమెను పెళ్లి చేసుకున్నాడు. మిస్ట్రెస్ అన్న మాటకున్న రెండు అర్థాలూ ఒకే మనిషిలో, ఒకే ఇంట్లో, ఒకే కాలంలో.

మరి నవలలో ఎలా పోల్చుకోవాలి? పక్కన ఉన్న మాట చూడండి. స్కూల్, హెడ్, ఫారం, మ్యూజిక్, గేమ్స్, మ్యాథ్స్ లాంటి మాట ముందుంటే టీచరే, అనుమానం అక్కర్లేదు. "అసిస్టెంట్ మిస్ట్రెస్" అంటే హెడ్‌మిస్ట్రెస్ కింద పనిచేసే టీచరు. ఎవరి మిస్ట్రెస్ అని మగవాడి పేరు తగిలించి ఉంటే, అది 19వ శతాబ్దం తర్వాతి పుస్తకమైతే, మీ అనుమానం నిజమే. 17, 18 శతాబ్దాల కవిత్వంలో "నా మిస్ట్రెస్" అంటే మాత్రం కవి మనసు దోచుకున్న అమ్మాయి అనే అంతే, ఆమె వైపు చూసే ధైర్యం కూడా అతనికి ఉండకపోవచ్చు. పనిమనిషి నోట "మా మిస్ట్రెస్" అని వస్తే ఇంటి యజమానురాలు. మన పిల్లలు వ్యాసాల్లో "మై మిస్ట్రెస్ ఈజ్ వెరీ కైండ్" అని రాయకుండా మాత్రం చూసుకోవాలి.

బడి మిస్ట్రెసులకు మంచి రోజులు వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలో. 1850లో ఫ్రాన్సిస్ బస్ నార్త్ లండన్ కాలేజియేట్ స్కూల్ పెట్టింది. 1858లో డొరొతియా బీల్ చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఇద్దరి మీదా కలిపి అల్లరి పాటలు కట్టారు, ఇద్దరూ లెక్కచేయలేదు. 1874లో హెడ్‌మిస్ట్రెసుల సంఘం ఏర్పడితే ఫ్రాన్సిస్ బస్ దానికి అధ్యక్షురాలు. అప్పటి గవర్నెస్‌లకు లేనిది ఇది, తమకు తాము పెట్టుకున్న సంఘం. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కతె ఉండేవాళ్లు సంఘం పెట్టుకోలేరు, ఒక బడి గదిలో పదిమంది కూర్చుని టీ తాగేవాళ్లు పెట్టుకోగలరు. 1869లో మొదలైన గిర్టన్ కాలేజీ అధిపతిని "మిస్ట్రెస్ ఆఫ్ గిర్టన్" అనే పిలిచారు, ఆ కేంబ్రిడ్జ్ కాలేజీలో పదవి పేరు అదే. అదే కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీ 2019లో మొదటిసారి ఒక మహిళను, శాలీ డేవిస్‌ను, అధిపతిగా తెచ్చుకుంది. ఆమె హోదా "మాస్టర్". పైగా ప్రభుత్వ బిరుదు వల్ల పేరు ముందు డేమ్. డేమ్ శాలీ డేవిస్, మాస్టర్ ఆఫ్ ట్రినిటీ. మూడొందల ఏళ్ల కిందటి మనిషి ఇది చదివితే పల్లెటూరి ముసలి పంతులమ్మ కాలేజీ పంతులెలా అయిందని జుట్టు పీక్కుంటాడు.

మిస్, మిసెస్ రెండూ "మిస్ట్రెస్"కి పొట్టిరూపాలే. "మేడమ్" అంటే ఫ్రెంచిలో "మా డామ్", అంటే నా దొరసాని, దానికీ డేమ్‌కీ తల్లి ఒకటే. కాబట్టి మన కాన్వెంట్ పిల్లలు "మిస్ మిస్" అని చెయ్యెత్తినా, జడ్పీ హైస్కూల్ పిల్లలు "మే ఐ కమిన్ మేడమ్" అన్నా, మీరడిగిన పాత మాటల మనవరాళ్లనే పిలుస్తున్నారు. పెళ్లయి పిల్లలున్న టీచరును కూడా మిస్ అనడం ఇంగ్లండ్ బళ్ల నుంచే వచ్చింది. దానికో చేదు కారణం ఉంది. అక్కడ చాలాచోట్ల టీచరమ్మ పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాల్సిందే. ఈ కట్టుబాటును 1944 విద్యా చట్టం తీసేసింది. అందాకా బడిలో కనిపించే ఆడమనిషి దాదాపు ఎప్పుడూ మిస్సే. మగటీచరును "సర్" అని బిరుదుతో పిలుస్తూ ఆడటీచరును పెళ్లికాని అమ్మాయిలా మిస్ అనడం ఏం న్యాయమని అక్కడివాళ్లు ఇప్పటికీ పోట్లాడుకుంటుంటారు. మన దగ్గర ఆ పోట్లాట లేదు, ఎందుకంటే తెలుగువాళ్లం దానికి అమ్మ తగిలించి "మిస్సమ్మ" చేసేశాం.

స్కూల్‌మార్మ్ అట్లాంటిక్ అవతలిది. ఇంగ్లండ్ నేపథ్యంలో ఈ మాట రాసిన అనువాదం చూస్తే అనువాదకుడు గూగుల్‌ను అడిగాడని తెలిసిపోతుంది. స్కూల్ మేడమ్, స్కూల్ మామ్, అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ యాసలో మార్మ్. 19వ శతాబ్దం అమెరికాలో పడమటివైపు కొత్త ఊళ్లు లేస్తుంటే బళ్లకు టీచర్లు లేరు. క్యాథరిన్ బీచర్ అనే ఆవిడ, తూర్పున చదువుకుని ఖాళీగా ఉన్న అమ్మాయిలను అక్కడికి పంపాలని ప్రచారం చేసింది. 1840ల చివరి నుంచి ఓ పదేళ్లలో నేషనల్ బోర్డ్ ఆఫ్ పాపులర్ ఎడ్యుకేషన్ అనే సంస్థ సుమారు 600 మందిని అలా పంపింది. ఒకే గది బడి, అన్ని వయసుల పిల్లలు, తనకంటే పొడుగున్న కుర్రాళ్లు, చలికాలంలో పొయ్యి వెలిగించే పని కూడా తనదే, జీతం మగటీచరు కంటే బాగా తక్కువ. చాలా ఊళ్లలో ఉండటానికి చోటు కూడా ఇచ్చేవారు కాదు, ఒక్కో పిల్లవాడి ఇంట్లో కొన్నాళ్ల చొప్పున తిప్పేవారు. మన పాతకాలపు వారాలబ్బాయిలా అన్నమాట, కాకపోతే ఇక్కడ వారాలు చేసుకునేది టీచరే.

ఇంతటి మనిషికి పెట్టిన పేరు తర్వాత వెటకారమైపోయింది. "స్కూల్‌మార్మిష్" అంటే ఇవాళ అర్థం, మూతి బిగించుకుని అందరి తప్పులూ దిద్దే చాదస్తురాలు అని. రాజకీయాల్లో గట్టిగా మాట్లాడే ఆడవాళ్లను చులకన చేయడానికి పత్రికలు దీన్ని తరచు వాడతాయి. మగవాళ్లకు ఈ విశేషణం తగిలించగా నేను చూడలేదు. అమెరికా కలప కూలీల భాషలో స్కూల్‌మార్మ్ అంటే రెండు బోదెలుగా చీలిన చెట్టు. ఎందుకో వివరించను, ఊహించుకోండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ప్రిసెప్ట్రెస్ లాటిన్ వాసన వేసే మాట, పాత అమెరికన్ అకాడమీల ప్రకటన పత్రాల్లో బాగా కనిపిస్తుంది. ఆడపిల్లల విభాగానికి పెద్దగా ఉండే ఆవిడకు ఆ హోదా ఇచ్చేవారు. మద్యనిషేధ ఉద్యమంలో పేరుపొందిన ఫ్రాన్సిస్ విల్లర్డ్ 1866లో న్యూయార్క్ రాష్ట్రంలో సెమినరీ అనే ఒక పెద్ద బడికి ప్రిసెప్ట్రెస్. ఇన్‌స్ట్రక్ట్రెస్, ట్యూటరెస్ పుస్తకాల్లోనే బతికాయి, మనుషుల నోళ్లలో పెద్దగా నిలవలేదు. మానిట్రెస్ అంటే కింది తరగతి పిల్లలకు చెప్పే పై తరగతి అమ్మాయి. ఈ పద్ధతికి పుట్టిల్లు మన పాత మద్రాసే. ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ అనే పాదిరీ, మలబారు బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, అదే తన బడిలో పెట్టి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించి, 1797లో పుస్తకం వేస్తే ఇంగ్లండులో "మద్రాస్ పద్ధతి" అని మోగిపోయింది.

మీరు టీచర్‌కి స్త్రీలింగం ఎప్పుడూ లేదా అని కూడా చివర్లో రాశారు. ఉంది. ప్రాచీన ఇంగ్లిష్‌లో "లారెస్ట్రే" అంటే చదువు చెప్పే స్త్రీ. వెబ్‌స్టర్, బ్యాక్స్‌టర్ లాంటి ఇంటిపేర్లలో తోకగా మిగిలింది ఆ స్త్రీలింగ ప్రత్యయమే, నేసే ఆవిడ, రొట్టెలు కాల్చే ఆవిడ అని. ఫ్రెంచి వచ్చి దాన్ని తోసేసి "ఎస్" తోక తగిలించింది. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులో జ్ఞానాన్ని స్త్రీగా చెబుతూ దేవుడి విద్యకు "టీచరెస్" అన్నారు. మాట నిలబడలేదు. టీచర్ ఎటూ కాని మాటగా మిగిలిపోయింది కాబట్టే మన ప్రకటనల్లో "లేడీ టీచర్స్ కావలెను" అని వేయాల్సి వస్తోంది.

ఇక ఆహ్వానపత్రిక. నిస్సంకోచంగా వేయించండి. ఆంధ్రలో, తెలంగాణలో హెడ్‌మిస్ట్రెస్ అనేది ఇంకా వాడుకలో ఉన్న హోదా పేరు, సంతకం కింద ముద్ర కూడా అలాగే ఉంటుంది. అందరూ హెచ్.ఎం. గారు అనేస్తారు కాబట్టి గొడవే లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ బళ్లు ఆడా మగా తేడా లేకుండా హెడ్‌టీచర్ అంటాయి, కొన్ని ప్రైవేటు ఆడపిల్లల బళ్లు మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌ను వదల్లేదు. అమెరికాలో ప్రిన్సిపల్. మీ అమ్మాయి పైచదువులకు బయటి దేశానికి సిఫారసు ఉత్తరం పంపేటప్పుడు ముద్రలో ఏముంటే అదే ఉంచండి, హోదాను మీరు అనువాదం చేయకండి, అక్కడివాళ్లకు అర్థమవుతుంది. పత్రికలో మాత్రం ప్రూఫు ఒకసారి మీరే చూడండి. ప్రెస్సుల్లో మర్యాద ఎక్కువై "లేడీ హెడ్‌మిస్ట్రెస్" అని కలిపేస్తుంటారు.